శ్రీసిటీలో పంచపాండవులు

తడ అనగానే ఒకప్పుడు మనవాళ్ళకు గుర్తుకు వచ్చేవి మూడు. తూర్పున పులికాట్ సరస్సు, పడమట కొండల్లో ఉబ్బలమడుగు జలపాతం, నడుమ పెద్దరోడ్డు మీద లారీలు బారులు తీరి నిలబడే చెక్‌పోస్టు. ఆంధ్రదేశం అక్కడికి సరి. రైలెక్కితే తరువాతి స్టేషను ఆరంబాకం, అంటే అరవదేశం. ఇప్పుడు ఈ మూడింటికీ నాలుగోది వచ్చి చేరింది. దాని పేరు శ్రీసిటీ. పేరులో సగం సంస్కృతం, సగం ఇంగ్లీషు. లోపలికి వెళ్ళి చూస్తే జపాను, ఫ్రాన్సు, అమెరికా పక్కపక్క వీధుల్లో కాపురం చేస్తూ ఉంటాయి.

మాఘమాసంలో ఒక శుక్రవారం ఉదయం సూళ్ళూరుపేటలో చెన్నై లోకలెక్కాను. పులికాట్‌కు ఫ్లెమింగోలు వచ్చే కాలం. నా ఎదుటి బెంచీ మీద ఒక కుటుంబం, పిల్లల మెళ్ళో దుర్భిణీలు. శ్రీహరికోట రోడ్డు మీద నిలబడి తనివితీరా పక్షులను చూసి తిరిగి వెళుతున్నారట. “మీరూ చూసి వస్తున్నారా?” అని అడిగిందా ఇల్లాలు. “లేదమ్మా, నేను తడలో దిగి బండ్లను చూడబోతున్నాను” అన్నాను. ఆమె భర్త వంక చూసింది. ఆయన కిటికీ వంక చూశాడు. ఇంత దూరం వచ్చి పక్షులను వదిలి బండ్లను చూసే మనిషిని ఏమనాలో వాళ్ళకు తోచినట్టు లేదు.

తడలో షేర్ ఆటో దొరికింది. పడమటగా కొంత దూరం పోగానే రోడ్డు ఒక్కసారిగా వెడల్పయింది. 2008లో మొదలైన ఊరు ఇది. చెన్నైకి 55 కిలోమీటర్లు. మొదట చిత్తూరు జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లా పాలికి వచ్చింది. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల పల్లెల మధ్య వేల ఎకరాల్లో పరుచుకుని ఉంది. ఇసుజు వాళ్ళ మోటారు బండ్లు ఇక్కడ తయారవుతాయి. చెన్నైలోనూ కొచ్చిలోనూ తిరిగే మెట్రోరైలు పెట్టెలను ఆల్‌స్టమ్ కంపెనీ ఇక్కడే చేసింది. పిల్లలు మారాం చేసి కొనిపించుకునే చాక్లెట్లు, అవి తిన్నాక పళ్ళు తోముకునే బ్రష్షులు కూడా ఇక్కడివే. 2013లో ఐఐఐటీ కూడా వచ్చింది. ఇన్ని ఉన్నా వీధుల్లో మనుషులు కనబడరు. అందరూ గోడల లోపలే. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి షిఫ్టు మారే వేళల్లో మాత్రం బస్సులు బిలబిలమంటూ బయలుదేరుతాయి. సూళ్ళూరుపేట, సత్యవేడు, వరదయ్యపాళెం చుట్టుపట్ల పల్లెల ఆడపిల్లలు వాటి నిండా ఉంటారు.

నేను వెళ్ళింది గదులు చల్లబరిచే ఏసీ యంత్రాలు చేసే ఒక ఫ్యాక్టరీకి. పేరు రాయవద్దని వాళ్ళు కోరారు. రాయను. అక్కడ ఏ పూట ఏ సరుకు ఏ వరసలో తయారు కావాలో నిర్ణయించే ఉద్యోగంలో నా పూర్వ విద్యార్థి ఒకడున్నాడు. ఇంటర్మీడియట్‌లో నా దగ్గర తెలుగు చదివి, తరువాత ఇంజనీరింగుకు పోయాడు. “మా పంచపాండవుల్ని చూద్దురు గాని, ఒకసారి రండి సార్” అని ఏడాదిగా ఫోనులో పిలుస్తున్నాడు.

గేటు దగ్గర నెత్తిన పచ్చటోపీ పెట్టారు. కాళ్ళకు ముందువైపు ఇనుపరేకు దాచిన బూట్లు తొడిగారు. నేల మీద ఆకుపచ్చ రంగుతో గీసిన దారిలోనే నడవాలట. నాలుగడుగులు వేశామో లేదో, గుడిలో మేలుకొలుపు రికార్డు లాంటి సన్నని పాట వినిపించింది. మలుపు తిరిగి ఒక బండి వచ్చింది. మన ఇళ్ళలో దివాన్ మంచమంత పొడుగు, మోకాలెత్తు. డ్రైవరు లేడు, స్టీరింగు లేదు. వెనక ఒక ట్రాలీ, దాని నిండా రాగిగొట్టాలు. మా శిష్యుడు కావాలని దారికి అడ్డంగా కాలు పెట్టాడు. బండి రెండు గజాల ముందే ఆగింది. పాట మాత్రం ఆగలేదు. కాలు తీశాడు. బండి ఒక్క క్షణం ఆలోచించినట్టు నిలిచి, కదిలి వెళ్ళిపోయింది. ముందువైపు ఉన్న లేజరు కన్ను ఎదుట ఏమున్నదీ ఎప్పటికప్పుడు చూసుకుంటుందట.

ఇంగ్లీషులో వీటిని ‘ఏజీవీ’లు అంటారు. ఆటోమేటెడ్ గైడెడ్ వెహికిల్. నెత్తిన పొగలేదు, కింద పట్టాలు లేవు. కడుపులో బాటరీ ఉంది. కొన్ని నేల మీద అంటించిన అయస్కాంతపు పట్టీని పట్టుకుని నడుస్తాయి, కొన్ని గోడలనూ స్తంభాలనూ లేజరుతో కొలుచుకుంటూ నడుస్తాయి. ఈ లైనులో ఉన్నవి ఐదు. ఐదనేసరికి అక్కడి ఆడపిల్లలు ఆగుతారా? ఎప్పుడో పేర్లు పెట్టేశారు. రాగిగొట్టాలతో వచ్చినవాడు నకులుడు. తీగలూ మరలూ తెచ్చేవాడు సహదేవుడు. అన్నిటికన్నా బరువైనవి కంప్రెసర్లు. వాటిని మోసేవాడు ఎవడో చెప్పనక్కరలేదు.

“ఏకచక్రపురం కథ మీరే చెప్పారు సార్” అన్నాడు మా శిష్యుడు. “కుంతీదేవి తెచ్చిన భిక్షలో సగం భీముడికి, మిగతా సగం అందరికీ పంచేదని. నా ఉద్యోగం అదే. కాకపోతే అన్నం బదులు కరెంటు.”

ఆ మాటకు అర్థం అతని గదిలోకి వెళ్ళాక తెలిసింది. గోడమీద పెద్ద తెర. దానిమీద రంగురంగుల అడ్డగీతలు, గంటల వారీగా. పై వరసలు యంత్రాలవి: ఎన్ని గంటలకు ఏ సైజు ఏసీ. కింది ఐదు వరసలు పాండవులవి: ఎప్పుడు ఎక్కడినుంచి ఎక్కడికి. వాటిలో అక్కడక్కడ ఆకుపచ్చ ముక్కలు. అవి భోజనాలు, అంటే చార్జింగు.

ఏసీల వ్యాపారం మామిడిపళ్ళ వ్యాపారం లాంటిదట. అమ్ముడుపోయేది ఎండాకాలంలోనే. అందుచేత సంక్రాంతి వెళ్ళిన దగ్గరనుంచి ఉగాది దాటేదాకా ఫ్యాక్టరీకి ఊపిరాడదు. ఆ రోజుల్లో పదినిమిషాలు లైను ఆగినా పైవాళ్ళ ఫోన్లు మోగుతాయి. లైను ఎందుకు ఆగుతుంది? యంత్రం పాడైతే ఆగుతుంది, సరే. కాని యంత్రం బాగుండి, మనుషులు సిద్ధంగా ఉండి, సరుకు గోదాములో నిండుగా ఉండి కూడా ఆగవచ్చు. గోదాముకూ లైనుకూ నడుమ బండి లేకపోతే చాలు.

“లెక్క చూడండి సార్” అని తెల్లబోర్డు మీద రాశాడు. లెక్క తేలిక కావడానికి ఐదుగురూ సమానమే అనుకొమ్మన్నాడు. లైనుకు పది నిమిషాలకొక ట్రాలీ అందాలి. బండి సరుకెత్తుకుని వెళ్ళి, దింపి, తిరిగి రావడానికి 40 నిమిషాలు. అంటే నాలుగు బండ్లు చాలు. ఇది మూడో తరగతి లెక్క. కాని బండికి ఆకలి ఉన్నది. నాలుగు గంటలు తిరిగితే ఒక గంట చార్జింగు కావాలనుకుందాం. అంటే ఐదు గంటల్లో నాలుగు గంటలే అది మనది. కాబట్టి నాలుగు బండ్ల పనికి ఐదు బండ్లుండాలి.

“అయితే సరిపోయింది గదా” అన్నాను.

“కాగితం మీద సరిపోయింది సార్. పోయినేడాది మేమూ అట్లాగే అనుకున్నాం.”

అప్పుడు వాళ్ళు పెట్టుకున్న నియమం చాలా సబబుగా కనిపించేదే. బాటరీలో ఇరవై పాళ్ళు మిగిలినప్పుడు బండి తనంతట తానే చార్జరుకు పోవాలి. మన సెల్‌ఫోను సంగతిలోనూ మనం చేసేది అదే. కాని ఫోను ఒకటే. బండ్లు ఐదు. ఐదూ తెల్లవారి ఆరుగంటలకు కడుపునిండా చార్జింగుతో బయలుదేరాయి. పనిని ఐదూ సమానంగా పంచుకున్నాయి. సమానంగా అలసిపోయాయి. పదకొండు గంటల ప్రాంతంలో పావుగంట తేడాలో ముగ్గురు పాండవులు చార్జరు దగ్గర చేరారు. ఉన్నది ఒకటే చార్జరు. ఒకడు తింటుంటే ఇద్దరు వరసలో నిలబడ్డారు. అటు లైనులో కంప్రెసర్లు అయిపోయాయి.

ఆ రోజు సంగతి లైనులో పనిచేసే ఒకమ్మాయి చెప్పింది. సత్యవేడు వైపు పల్లె ఆమెది. “ఊరికే నిలబడుకోని ఉన్నాం సార్. మాకేం పని లేదు. బండ్లు వచ్చేదాకా ఎదురుచూపే. పొద్దుగూకేతలికి లెక్క తక్కువొచ్చిందన్నారు. రెండు గంటలు ఎక్కువ చేసి పొమ్మన్నారు. డబ్బులిచ్చార్లే, ఇవ్వలేదని చెప్పను. కంపెనీ బస్సు పోతే మా ఊరికింక వేరే బండి లేదు. పాలు తాగే బిడ్డను మా అత్త దగ్గర వదిలొచ్చా. నేను పొయ్యేతలికి ఏడ్చి ఏడ్చి నిద్రపోయుండాది.” ఈ మాట ఆమె ఫిర్యాదులా చెప్పలేదు. చేతిలో మరను బిగిస్తూ, నా వంక చూడకుండా చెప్పింది.

మా శిష్యుడు తలవంచుకుని విన్నాడు. ఆ రాత్రి నుంచే కొత్త లెక్క వేశానన్నాడు.

కొత్త లెక్కలోని కిటుకు మన ఇళ్ళలో పెళ్ళిళ్ళకు బంతులు తీర్చే పెద్దవాళ్ళకు తెలిసిందే. అందరికీ ఆకలయ్యేదాకా ఆగితే అందరూ ఒకేసారి వచ్చి కూర్చుంటారు. కాబట్టి ఆకలి కాకముందే కొందరిని కూర్చోబెట్టాలి. ఆరింటికి నాలుగు బండ్లే బయలుదేరతాయి. ఏడింటికి ఒకటి వెనక్కు వస్తుంది. తిరిగింది ఒక గంటే గనుక పావుగంటలో నిండుతుంది. ఎనిమిదింటికి రెండోది, దానికి అరగంట. తొమ్మిదింటికి మూడోది, ముప్పావుగంట. పదింటికి నాలుగోది, దానికి పూర్తి గంట. అక్కడినుంచి ఎప్పుడు చూసినా ఒక్కటే తింటూ ఉంటుంది, నాలుగు తిరుగుతూ ఉంటాయి. చార్జరు ఎప్పుడూ ఖాళీగా ఉండదు, దాని దగ్గర వరసా ఉండదు.

ఇంకో రెండు నియమాలున్నాయి. బండికి ఒక పని ఒప్పజెప్పేముందు ఆ పని చేయడానికి బాటరీ చాలుతుందా అని చూస్తే చాలదు. పని చేసినచోటి నుంచి చార్జరు దాకా నడిచే శక్తి కూడా మిగలాలి. ఊరికి బయలుదేరేవాడు వెళ్ళడానికే గాక తిరుగు ప్రయాణానికీ టిక్కెట్టు డబ్బులు చూసుకున్నట్టు. రెండోది, తయారయ్యే సరుకు వరసను బట్టి బండ్ల ఆకలి మారుతుంది. రెండు టన్నుల ఏసీలు వరసగా పెడితే బరువైన కంప్రెసర్లన్నీ భీముడి మీదే పడతాయి. వాటి నడుమ ఒక టన్నువి కలిపితే వాడికి కొంత తెరిపి. అందుకని యంత్రాల వరస ముందు రాసేసి, తరువాత బండ్లకు చూడటం కుదరదు. రెండూ ఒకే పలక మీద రాయాలి. ఇరుకు దారుల్లో రెండు బండ్లు ఎదురుపడకుండా చూడటం మరో పని. దానికి ఒంటిలైను రైలుమార్గాల్లో పూర్వం డ్రైవరు చేతికి ఇచ్చే టోకెన్ పద్ధతే. ఒక ముక్క దారిలోకి ఒకేసారి ఒకటే బండి.

బాటరీ జాతిని బట్టి కూడా లెక్క మారుతుంది. ఇంటి ఇన్వర్టరుకు మనం డిస్టిల్డ్ వాటరు పోస్తామే, ఆ సీసం బాటరీలతో ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు చార్జింగు, ఎనిమిది గంటలు చల్లారడం అనే లెక్క చాలా ఫ్యాక్టరీల్లో నడిచింది. చార్జింగులో వాటినుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది గనుక గాలి ధారాళంగా ఆడే గది వేరే ఉండాలి. మధ్యమధ్య కొంచెం కొంచెం నింపడం వాటి ఆరోగ్యానికి మంచిది కాదు. సెల్‌ఫోన్లలో ఉండే లిథియం జాతి వచ్చాక ఆ ఇబ్బంది తగ్గింది. దారిలో నేలమీద రాగిపలకలు పరిచి, బండి వాటిమీద ఆగిన నాలుగు నిమిషాల్లోనే నాలుగు గుక్కలు తాగేట్టు చేయవచ్చు.

ఇదంతా వింటుంటే బండ్ల పెద్దల చరిత్ర అడగాలనిపించింది. వీటి పుట్టుక 1950ల నాటిది. అమెరికాలో బారెట్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ తీగ వెంట నడిచే లాగుడుబండిని ముందుగా తెచ్చింది. కాని నాకు నచ్చిన కథ స్వీడన్‌ది. 1913లో ఫోర్డు తన కార్ల కర్మాగారంలో కదిలే లైను పెట్టిన దగ్గరనుంచి మనిషి చేయి ఆ లైను వేగానికి కట్టుబడింది. స్వీడన్‌లో కాల్మార్ అనే తీరపట్టణంలో వోల్వో కంపెనీ 1974లో ఒక ఫ్యాక్టరీ తెరిచింది. అప్పటి అధిపతి పేర్ యిల్లెన్‌హామర్. అందులో కదిలే లైను లేదు. ఒక్కొక్క కారునూ ఒక్కొక్క బాటరీ బండి మోసుకుంటూ, నేలలో పరిచిన తీగల వెంట జట్టు దగ్గరనుంచి జట్టు దగ్గరకు పోయేది. జట్టుకూ జట్టుకూ నడుమ కొన్ని బండ్లు ఆగే చోటుండేది. ఒక జట్టు కాస్త వేగంగా పనిచేసి, ఆ మిగుల్చుకున్న నిమిషాల్లో కాఫీ తాగవచ్చు. పక్క జట్టు పని ఆగదు. అంటే ఆ బండ్లను అక్కడ పెట్టిందే మనిషికి కొంత తీరిక ఇవ్వడానికి. ఆ ఫ్యాక్టరీ 1994లో మూతపడింది. అది గెలిచిందా, ఓడిందా అనే వాదన చదువుకున్నవాళ్ళలో చాలాకాలం నడిచింది. బండ్లు మాత్రం లోకమంతా తిరుగుతున్నాయి.

మధ్యాహ్నం భోజనాల తరువాత మా శిష్యుడు కొంచెం గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. ఈ సీజనులో గిరాకీ మరీ ఎక్కువ. పైనుంచి ఒక సలహా వచ్చింది. బండ్లు ఇప్పుడు వంతులవారీగా తింటున్నాయి గదా, మనుషులను కూడా వంతులవారీగా టీకి పంపితే లైను అసలు ఆపనక్కరలేదు గదా అని. చూడటానికి ఎంత న్యాయంగా ఉంది! ఎనిమిది గంటల షిఫ్టులో రెండు టీలు, ఒక భోజనం కలిపి ఒక గంట. ఆ గంట ఎందుకు పోగొట్టుకోవాలి?

“మీరేమన్నారు?”

“దయ చూపమని అడగలేదు సార్. లెక్క చూపించాను.”

మళ్ళీ బోర్డు. ఐదు బండ్లు, ఎనిమిది గంటలు: మొత్తం 40 బండి-గంటలు. లైను ఆగకుండా ఎనిమిది గంటలు నడిస్తే నాలుగు బండ్ల పని 32 గంటలు. నాలుగింటికి ఒకటి చొప్పున చార్జింగు 8 గంటలు. మొత్తం 40. చేతిలో మిగిలింది సున్న. ఒక ట్రాలీ చక్రం ఇరుక్కున్నా, బాటరీ పాతబడి చార్జింగుకు ఐదు నిమిషాలు ఎక్కువ తీసుకున్నా ఆ దెబ్బ సాయంత్రందాకా తగ్గదు. అదే ఆ గంట విరామం ఉంచితే? పని 28 గంటలు, చార్జింగు 7 గంటలు, మొత్తం 35. ఐదు గంటలు మిగులు. బాటరీలు పాతబడే కొద్దీ ఈ మిగులులోంచే తీసి వాడుకోవాలి. విరామం వద్దంటే ఆరో బండి కొనాలి.

“టీ తాగే ఆ పావుగంటలు మనుషులవి మాత్రమే కావు సార్. పొద్దుటినుంచి పడ్డ ఆలస్యమంతా అక్కడే సర్దుకుంటుంది” అన్నాడు.

నాకు ఆ మాట బాగుంది, కొంచెం బాధగానూ ఉంది. బాటరీకి విశ్రాంతి కావాలంటే ఎవరూ కాదనరు. తెరమీద దానికి ఆకుపచ్చ ముక్క ఉంది. విశ్రాంతి ఇవ్వకపోతే బండి నిలబడిపోతుంది, అంతే. మనిషి అట్లా నిలబడిపోడు. నడుం నొప్పి పుట్టినా, ఇంట్లో బిడ్డ ఏడుస్తున్నా మర బిగిస్తూనే ఉంటాడు. అందుకే అతని విశ్రాంతిని చెరపడం సులువు. మా శిష్యుడు ఆ సంగతి ఎరిగి, బండి భుజం మీద చేయి వేసి మనిషి తరఫున మాట్లాడాడు.

అంతలో గంట మోగింది. లైను ఆగింది. అమ్మాయిలు చేతిగుడ్డలు విప్పి, నవ్వుకుంటూ టీ బల్లల వైపు నడిచారు. అటు పక్క పాట పాడుకుంటూ భీముడు వచ్చి, చార్జరు ముందు సరిగ్గా గీత మీద ఆగాడు. మా శిష్యుడు నా చేతికి అల్లంటీ గ్లాసు అందించాడు. పావుగంటసేపు ఆ పెద్ద షెడ్డులో మాటల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

ఉగాది వెళ్ళాక అతని ఫోను వచ్చింది. ఈ సీజనుకు టీ విరామం అట్లాగే ఉంచారట. కంపెనీవారు ఆరో బండి ధర కూడా కనుక్కున్నారట. అది వస్తే ఈ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. అప్పుడేం చెప్పాలా అని ఇప్పటినుంచే ఆలోచిస్తున్నానన్నాడు. ఆరోవాడికి ఏం పేరు పెడతారని అడిగాను. “అమ్మాయిలు అప్పుడే పెట్టేశారు సార్, కర్ణుడని” అన్నాడు.

శ్రీసిటీ చూడదలచినవారికి ఒక మాట. ఫ్యాక్టరీల లోపలికి తెలిసినవారి ద్వారా ముందుగా అనుమతి తీసుకుంటేనే ప్రవేశం. మాఘ, ఫాల్గుణాల్లో వెళితే పులికాట్ పక్షులను కూడా చూసి రావచ్చు. వెళ్ళలేకపోయినా ఫరవాలేదు. ఈ ఎండాకాలం మీ ఇంటికి కొత్త ఏసీ వస్తే, దాని కంప్రెసరును ఏ భీముడో పాట పాడుతూ మోసి ఉంటాడు. దాని మరలు బిగించిన అమ్మాయి ఆ పూట టీ తాగే ఉంటుందని, వేళకు ఇంటికి చేరే ఉంటుందని నేను అనుకుంటున్నాను.